రెండున్నర కిలోమీటర్ల సాగనంపు

గురువారం, ఆగస్టు 28

హాస్టల్ లిస్టు వచ్చింది. నా పేరు పదకొండోది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్, రూమ్ నంబర్ 34, సోమవారం చేరాలి.

ఇంట్లో చెప్పగానే నాన్న కళ్లు మూసుకుని స్తోత్రం అన్నాడు. నా అల్మారా అర ఇక తనదేనని తమ్ముడు జోయెల్ అప్పుడే ప్రకటించేశాడు. అమ్మ స్కూల్లో పాఠాలు చెప్పి అలసిపోయి వచ్చింది. విని, తప్పదా అని మాత్రం అడిగింది.

తప్పదన్నాను. ఫస్టియర్ వాళ్లకు హాస్టల్ కంపల్సరీ అని జూన్‌లోనే చెప్పి ఉంచాను కాబట్టి ఇప్పుడు కొత్తగా అబద్ధం ఆడే పని లేకపోయింది.

కంపల్సరీ కాదు. అసలు లోకల్ వాళ్లకు సీటే ఇవ్వరు. మిగిలితే, అదీ బతిమాలుకుంటే ఇస్తారు. నేను బతిమాలుకున్నాను. వార్డెన్‌కు పేజీన్నర లెటర్ రాశాను. తార్నాకలో మాది మేడ మీద రెండు గదుల పోర్షన్ అనీ, మంగళ, గురు, శనివారాలు ముందు గదిలో నాన్న ప్రార్థన కూడిక పెడతాడనీ, ఇరవై మంది వస్తారనీ, మిగతా రోజుల్లో అదే గదిలో టీవీ, జోయెల్, వచ్చేపోయే చుట్టాలు ఉంటారనీ. చివర్లో, మా ఇంట్లో నాకు చోటు లేదు మేడం అని రాశాను. రాసినప్పుడు భలే రాశాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

శుక్రవారం, ఆగస్టు 29

తాడేపల్లిగూడెం నుంచి పెద్దమ్మ దిగింది. ఒక బ్యాగులో చీరలు, మూడు బ్యాగుల్లో తిండి. ఎండు రొయ్యలు, సున్నుండలు, పూతరేకులు, ఆవకాయ జాడీ. జాడీకి కట్టిన గుడ్డ రైల్లో ఊడిందట, చీరలకంతా నూనె. ఆ చీరల్ని చూసుకోకుండా, పిల్ల ఎంత దూరం పోతోందే అని అడిగింది.

రెండున్నర కిలోమీటర్లు అన్నాడు జోయెల్. పెద్దమ్మ నమ్మలేదు. వాడు టెర్రస్ మీదికి తీసుకెళ్లి, చెట్ల మీదుగా క్యాంపస్ వాటర్ ట్యాంకు చూపించాడు. చూసి కూడా, అయినా హాస్టల్ హాస్టలేగా, ఏం బియ్యం వండుతారో ఏవిటో అంటూ దిగింది.

మధ్యాహ్నం గోంగూర రొయ్యలు. సాయంత్రానికి గారెలు, కోడి పులుసు. కింద ఉండే ఇంటి ఓనరు రాములమ్మ సర్వపిండి పట్టుకుని పైకొచ్చింది. గీడికెళ్లి గాడికి పోనీకె గింత తిండి ఏంది బిడ్డా, బార్డర్‌కు పోతున్నవా ఏంది అంది. అంటూనే ఓ ముక్క తుంచి నా నోట్లో పెట్టింది. వెల్లుల్లి, నువ్వులు, వేడి. కడుపులో చోటు లేకపోయినా తిన్నాను.

అందరూ తిన్నాక అమ్మ యూనిట్ టెస్ట్ పేపర్లు ముందేసుకుంది. వంటగదిలో, స్టవ్ పక్కన గట్టు మీద పెట్టుకుని, నిలబడి. ఎవరో రెండో క్లాసు పిల్ల పేపర్ మీద గారెల నూనె మరకైంది. అమ్మ దాన్ని చీర కొంగుతో అద్దుతూ చాలాసేపు ఉంది.

శనివారం, ఆగస్టు 30. సాయంత్రం 4

చచ్చాను. ఇవాళ్టి కూడిక నా కోసమట.

మా చర్చి వాళ్లలో ఎవరికి ఏ మంచి జరిగినా కృతజ్ఞత కూడిక పెడతారు. ఉద్యోగమొచ్చినా, ఆపరేషన్ బాగా జరిగినా, స్కూటీ కొన్నా సరే. కూడిక అంటే సాక్ష్యం ఉంటుంది. మేలు పొందినవాళ్లు లేచి నిలబడి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఉన్నదున్నట్టు!

నాన్న పొద్దుటి నుంచి అందరికీ ఫోన్లు. మా రెబెకాకు హాస్టల్ తప్పనిసరి అన్నారు, సీట్లేమో తక్కువ, ప్రభువే తలుపు తెరిచాడు అని. నేను అమ్మకు చెప్పిన అబద్ధం పోయిపోయి ప్రభువు దగ్గర తేలింది.

పులావ్‌కు మూడు కిలోల చికెన్ తెచ్చారు. అమ్మ, నేను ఉల్లిపాయలు కోస్తున్నాం. ఈ ఇంట్లో ఎవరూ అడక్కుండా ఏడవగలిగే పని ఇదొక్కటే.

ఆదివారం, ఆగస్టు 31. ఉదయం 6

నిన్న లేచి నిలబడ్డాను. అందరికీ వందనాలు అన్నాను. దేవుడు నాకు హాస్టల్‌లో, అన్నాను. నాన్న నవ్వుతూ తలూపుతున్నాడు. అమ్మ వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి వింటోంది. అక్కడితో ఆపేశాను. కూర్చుండిపోయాను.

ఇల్లు వదిలే బాధ అనుకుని అందరూ ఆమెన్ అన్నారు. ఒక ఆంటీ కళ్లు తుడుచుకుంది కూడా. పులావ్ బ్రహ్మాండంగా ఉందట.

అదే రోజు, మధ్యాహ్నం 3

చర్చి నుంచి వస్తూ నాన్న కొరమీను తెచ్చాడు. అమ్మ టెర్రస్ మీద పంపు దగ్గర కూర్చుని రాళ్ల ఉప్పేసి రుద్దుతోంది. నేను నీళ్లు పోస్తున్నాను. ఇంకెవరూ లేరు. చెప్పేశాను. కంపల్సరీ కాదమ్మా, నేనే అడిగి తీసుకున్నాను అని. లెటర్ సంగతీ చెప్పాను. నాకు చోటు లేదని రాసిన సంగతీ చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. తిడుతుందనుకున్నాను. నీళ్లు పొయ్యవే అంది. పోశాను. తోక దగ్గర మిగిలిన పొలుసు గీకింది. తర్వాత తలెత్తకుండానే, ఇరవై నాలుగేళ్ల నుంచి నేనూ ఈ ఇంట్లోనే ఉంటున్నా కదే, నాకూ చోటు లేదు, నేనెవరికి రాయను లెటరు అంది.

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

ఆ లెటర్‌లో ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో అంతా రాశాను. అమ్మ లేదు అందులో. కావాలని వదిలెయ్యలేదు, గుర్తు రాలేదు. అది ఇంకా అన్యాయం. ఇంతకీ అమ్మ ఎక్కడ కూర్చుంటుంది అని ఇప్పటిదాకా ఆలోచించాను. చేపలు కడిగేటప్పుడు కూర్చుంటుంది.

సోమవారం, సెప్టెంబర్ 1

ఆటోలో పన్నెండు నిమిషాలు. నాన్న, పెద్దమ్మ, జోయెల్, ఆవకాయ జాడీ, నేను.

అమ్మ రాలేదు. స్కూల్లో ఇన్‌స్పెక్షన్ అంది. చేపల పులుసు డబ్బా నా చేతికిచ్చి, రెండో రోజుకే దాని రుచి, రాత్రికి తిను అంది. అంతే.

రూమ్‌లో మంచం, బల్ల, కుర్చీ, వేపచెట్టు వైపు కిటికీ. రూమ్మేట్ ఇంకా రాలేదు. పెద్దమ్మ పరుపు నొక్కి చూసి పెదవి విరిచింది. నాన్న బల్ల మీద చెయ్యుంచి ప్రార్థన చేశాడు. తప్పనిసరి అయిన చోట తోడుండు తండ్రీ అన్నాడు. అమ్మ ఆయనకు చెప్పలేదని అప్పుడు తెలిసింది. అబద్ధం నాది, దాచే పని అమ్మకు.

మంగళవారం, సెప్టెంబర్ 2

కుర్చీలో కూర్చున్నప్పుడల్లా గట్టు దగ్గర నిలబడ్డ అమ్మ కనిపిస్తోంది. రెండు పేజీలు కూడా చదవలేదు.

గురువారం, సెప్టెంబర్ 4

అమ్మకు ఫోన్ చేసి శనివారం రమ్మన్నాను. నిమజ్జనం, స్కూలుకు సెలవే. సాయంత్రం కూడిక ఉంది కదే, ఇరవై మందికి టీలు అంది. పేపర్లు కూడా తెచ్చుకో అన్నాను. నీ బల్ల ఎంతుంటుందేవిటి అని అడిగింది.

శనివారం, సెప్టెంబర్ 6. సాయంత్రం 5.40

బస్సులు లేక అమ్మ నడిచొచ్చింది. నా కుర్చీలో కూర్చుని ముప్పై పేపర్లు దిద్దింది. ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని పడుకుని మూడు గంటలైంది.

ఇప్పుడే నాన్న ఫోన్. ఆరింటికి కూడిక, అమ్మేదీ అని. నిద్రపోతోంది నాన్నా, లేపను అన్నాను. ఈ హాస్టల్ తప్పనిసరి కాదు, నేనే అడిగి తీసుకున్నాను అని కూడా చెప్పేశాను.

మరి టీ ఎవరు పెడతారు అని అడిగాడు.

టీపొడి డబ్బా ఎక్కడుంటుందో చెప్పాను.