గోడగూట్లో తల్లి

మిల్టన్,
శనివారం ఉదయం.

చిరంజీవి కావ్యశ్రీకి అమ్మ దీవెనలు. సముద్రానికి ఇవతల ఇక్కడ నేనూ, మీ నాన్నా కులాసా. ఇంగ్లండు చలిలో నువ్వెలా ఉన్నావోనని మాత్రం బెంగ.

అడిగావుగా, నా మోకాలు ఇప్పుడు నయం. మేం నీ దగ్గరికి వచ్చినప్పుడు రైలు ఆలస్యమైన రోజు మీ నాన్నకొచ్చిన కోపమే ఇంకా నయం కాలేదు. ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. నీ రూమ్మేటుకు పెట్టకు, కిందటిసారి పాపం కళ్ళనీళ్ళు పెట్టుకుందన్నావు.

వేసవిలో నువ్వు చూపించిన ఆ పాత మఠం నన్ను వదలడం లేదే. పొద్దున్నే మన వీధిలో మంచు దిగితే చాలు, కప్పు లేని ఆ తోరణాలే కనిపిస్తాయి. గడ్డి మొలిచిన నేల మీద తెల్లంగీల సన్యాసులు వరసగా, చప్పుడు లేకుండా నడిచిపోతుంటారు. టీ చల్లారిపోయినా నాకు తెలియదు. నాలుగొందల ఏళ్ళు గొర్రెలు కాచుకుని, కీర్తనలు పాడుకున్నవాళ్ళను ఐదొందల ఏళ్ళ కిందట రాజు వెళ్ళగొట్టాడనీ, కప్పు మీది సీసం కరిగించి పట్టుకుపోయారనీ, ఊళ్ళోవాళ్ళు రాళ్ళు మోసుకెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారనీ చెప్పావు. "దే జస్ట్ వాక్డ్ అవుట్, అమ్మా" అన్నావు. నాకు ఏడుపొచ్చింది.

ఇక అసలు సంగతి. ఆ మఠం గోడగూట్లో బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న, తల లేని రాతి తల్లి పాదాల దగ్గర పసుపు, ఎరుపు జాడ దొరికిందనీ, అది సన్యాసులు వేసిన రంగేననీ, వచ్చే నెల సెమినార్‌లో అదే చెబుతాననీ రాశావు. ఫోనులో "ఫైవ్ హండ్రెడ్ ఇయర్స్ ఎవరూ నోటీస్ చేయలేదమ్మా!" అని నువ్వు సంబరపడుతుంటే "మంచిదమ్మా" అని ఫోను పెట్టేశాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

అది నేను పెట్టిన పసుపు కుంకుమే తల్లీ.

ఆ రోజు చినుకులు మొదలయ్యాయని నువ్వు గొడుగు తేవడానికి కారు దగ్గరికి వెళ్ళావు. ఆవిడ ఒడిలో బిడ్డ ఉంది, మెడ మీద తల లేదు. ఎన్నాళ్ళయిందో పాపం ఈమెను ఎవరైనా పలకరించి, అనిపించింది. నా చేతిసంచిలో పొట్లం ఎప్పుడూ ఉంటుందిగా. బుద్ధి గడ్డి తిని పెట్టేశాను. వాన తగలని గూడు కాబట్టి నిలిచినట్టుంది. నలుగురిలో నీ పరువు పోకముందే ఆ మాట ఆపెయ్యి. మీ ప్రొఫెసరుగారికి నా పేరే చెప్పు, క్షమాపణ నేనే రాసి పంపుతాను.

తిట్టు, పడతాను. కానీ ఆ వేళ ఆవిడకు దణ్ణం పెట్టి ఏమడిగానో కూడా చెప్పేస్తాను. "రెండేళ్ళుగా మా పిల్ల నీ చుట్టూనే తిరుగుతోంది, దాని థీసిస్‌కు ఏదో ఒకటి కనబడేలా చూడమ్మా" అన్నాను.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని ఉన్న అమ్మ,
శ్యామల