నీ సినిమాల ద్రోహి

సైదాబాద్,
ఆదివారం

తమ్ముడు శ్రీపాదకు,

అక్క అలివేలు రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, నా బిడ్డ మాన్య ఆరోగ్యంగనే ఉన్నం. నువ్వు ముంబైల బాగనే ఉంటవనుకుంట. బాగుండాలని దీవించే మనసు మాత్రం ఈసారి లేదు, ముందే చెప్తున్న. ఫోన్ల మాట్లాడితే జోకులేసి మాట మారుస్తవ్. అందుకే కాగితం మీద పెడ్తున్న.

అమ్మ నీ సినిమా చూసిందా అని అడిగినవ్. చూసింది. మలక్‌పేటల నేనే తీస్కపోయిన. తెర మీద నీ పేరు పడంగనే చప్పట్లు కొట్టింది. ఆటోల వస్తుంటే, "అలివేలూ, రాకెట్ రహస్యాలు అమ్ముకునే ఆ కళ్లద్దాలాయన మీ ఆఫీసు దీక్షిత్ కాదానే?" అన్నది. అమ్మే గుర్తుపట్టిందంటే ఇంక ఎవరు పట్టరు?

జనం ఏమంటున్నరని అడిగినవ్. మస్తు నచ్చింది వాళ్లకు. లాడ్ బజార్ల రాకెట్ బొమ్మ గాజులు అమ్ముతున్నరు. మొన్న మా రాకెట్ కంపెనీల పెట్టుబడి పెట్టేటాయన వచ్చి, "రాకెట్‌ను లేపే ఎర్ర బటన్ ఏదీ?" అన్నడు. గట్లాంటిది ఉండదన్న. మొహం చిన్నగ చేసుకున్నడు. మా మేనేజర్ తెల్లారే ఒకటి పెట్టించిండు. దానికి వైరు లేదు, ఫొటోల కోసమట. ఎప్పుడు లేచి చప్పట్లు కొట్టాల్నో కూడా మాకు నీ సినిమా చూపించి నేర్పిస్తున్నరు. గివన్నిటికీ నవ్వుకున్న. దీక్షిత్ సంగతికి నవ్వు రాలే.

మా రాకెట్ సముద్రంల పడ్డప్పుడు నీకు ఫోన్ చేసి ఏడ్చిన. ఆఫీసు విచారణల కంప్యూటర్ ప్రోగ్రాంల తప్పు దొరికితే దీక్షిత్ అందరి ముందు లేచి, "నాదే తప్పు" అన్నడని చెప్పిన. నువ్వు అయ్యో అన్నవ్. తర్వాత ఆయన కళ్లద్దాలు తీసుకున్నవ్, నత్తి తీసుకున్నవ్, డబ్బా నిండ పులిహోర తెచ్చి పంచే అలవాటు కూడా తీసుకున్నవ్. ఆయన తప్పు ఒప్పుకున్నది ఒక్కటి వదిలేసినవ్. ఏందిరా అంటే, "విలన్ లేకుంటే ఎవరు చూస్తరక్కా?" అని నవ్వినవ్.

ఇప్పుడు ఆయన కొడుకును బడిల దేశద్రోహి కొడుకని పిలుస్తున్నరు. పిల్లగాడు బడికి పోనంటున్నడు. నేను వాళ్లింటికి పోయిన. దీక్షిత్ భార్య భాగ్యశ్రీ తలుపు తీసింది.

"మా ఆయన సంగతులు మీ తమ్మునికి ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

లోపలికి రమ్మనలే. దీక్షిత్ ఆమె వెనకకొచ్చి నిలబడ్డడు.

"సి... సినిమా బాగుంది మేడం. నన్ను కొంచెం పొ... పొడుగ్గ చూపించిండు," అన్నడు.

గట్ల అన్నడురా. తిట్టినా బాగుండు.

నాకు కథల మీద పగ లేదు. చిన్నప్పుడు కరెంటు పోతే డాబా మీద నా పక్కన పండుకోని, చంద్రుని మీద ఇరానీ హోటల్ ఉన్నదని చెప్పేటోనివి. గా అబద్ధాలు వినే నేను రాకెట్ల చదువుకు పోయిన. గవి ఎవరినీ కొట్టలే. ఇది ఒక ఇంటిని కొట్టింది.

రెండో భాగానికి సంగతులు చెప్పమన్నవ్. చెప్పను. ఇంక నువ్వు అడగనిది ఒకటున్నది, గది చెప్పనీకే ఈ ఉత్తరం. దీక్షిత్ నీ మీద, నీ నిర్మాత మీద కేసు వేసిండు. నన్ను సాక్ష్యం అడగలే. నేనే ఆయన వకీలు దగ్గరికి పోయి వాంగ్మూలం ఇచ్చిన. "ఆయనకు నత్తి ఏ అక్షరాల మీద వస్తదో చెప్పక్కా" అని నువ్వు పంపిన వాయిస్ మెసేజీలు కూడా ఇచ్చిన. లోపలి విచారణ సంగతి ఇంటోనికి చెప్పినందుకు నా ఉద్యోగం పోతదని వకీలు చెప్పిండు. పోనీ. ఆఫీసు మాట బయట పెట్టింది దీక్షిత్ కాదు, నేను. గదే జడ్జి ముందట చెప్త.

అమ్మకు చెప్పిన. "వాణ్ని రావద్దని రాయకు," అన్నది. "రమ్మను. కానీ ముందు గా పిల్లగాని ఇంటికి పోయి, తర్వాత నా గడప తొక్కమను."

నా మాటా అదే. పోకుంటే కోర్టుల కలుద్దాం. నీ కండ్లల్లకు చూసే చెప్త.

ఇట్లు,
నీకు ఎదురు నిలబడ్డ
అక్క అలివేలు