సావిత్రక్క పిండి బకెట్

మంగళవారం, కాపెల్

ఇందుమూలముగా మా హోటల్ వంటవారందరికీ తెలియజేయడమేమనగా, ఇకపై ఇడ్లీ పిండి ఫ్రిజ్‌లోనే పులియవలెను. పులియకుంటే అది పిండి తప్పు!

ఇవాళ హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది, ఇక్కడి అమెరికన్ పిల్ల. రాత్రంతా బయటే ఉన్న పిండి బకెట్‌లో థర్మామీటర్ పెట్టి చూసి, మొత్తం పారబోయించింది. అదీ రుబ్బిన సావిత్రక్క కళ్ళెదుటే. ఆ పిల్ల అటు వెళ్ళగానే అక్క ఏప్రన్ విప్పేసింది.

"నలభై ఏళ్ళుగా రుబ్బుతున్నా తమ్ముడూ. నా చేతి పిండి తిని ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. రేపట్నుంచి రాను."

రోజూ ఆమె కళ్ళజోడు దాచి తిట్లు తినే నేను వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అక్కా, ఆ పిల్ల పోతూ నాతో ఏమందో తెలుసా? వాళ్ళ అమ్మమ్మ కూడా రొట్టెల పిండి పొయ్యి పక్కనే పులియబెట్టేదట. నీ పిండి వాసనకి ఆవిడే గుర్తొచ్చిందట. కళ్ళు తుడుచుకుంది."

అక్క మూతి ముడిచింది. "పాపం, ఈసారి వస్తే రెండిడ్లీలు పెట్టరా" అంటూ మళ్ళీ ఏప్రన్ కట్టుకుని మినపప్పు నానబోసింది.

ఆ పిల్ల శుక్రవారం మళ్ళీ తనిఖీకి వస్తుంది. అక్క ఇడ్లీ పెట్టి అమ్మమ్మ సంగతి అడిగితే నా గతేంటో... సంతకం పెట్టమనడం తప్ప ఆ పిల్ల నాతో ఒక్క మాటా అనలేదు. ఆ అమ్మమ్మని నేనే పుట్టించాను.