తాళం చప్పుడు

జూన్ 4

మళ్లీ లేచింది.

జూన్ 5, తెల్లవారుజామున

ఫోన్ చూస్తే కళ్లు మండుతున్నాయి. అందుకని ఈ డైరీ తీశాను. లిఫ్ట్ సర్వీస్ వివరాలు రాసుకోమని కంపెనీ ఇచ్చింది. ఇన్నాళ్లూ బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. లిఫ్ట్ ఆగిపోతే ఎందుకు ఆగిందో నేను ఇట్టే చెప్పగలను. మా బుడంకాయ రాత్రిళ్లు ఎందుకు లేస్తుందో కూడా నాకు తెలుసు. తెలిసీ చేసేదేమీ లేదు.

తొమ్మిదికల్లా లక్షణంగా పడుకుంటుంది. ఒంటిగంట దాటాక లేస్తుంది. లేవగానే ఏడవదు. కూర్చుని తలుపు వైపు చూస్తుంది. ఇంకా రెండేళ్లు నిండలేదు, అంత ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో. ఎంతకీ తలుపు తెరుచుకోకపోతే అప్పుడు మొదలుపెడుతుంది. ఇక తెల్లారేదాకా ఊరుకోదు.

వాళ్లమ్మది బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్, సెకండ్ షిఫ్ట్. కంపెనీ వ్యాన్ దింపి వెళ్లేసరికి ఎప్పుడూ ఆ వేళయ్యేది. వచ్చి చెప్పులు విడిచి, నీళ్లు తాగి, దీన్ని ఒకసారి భుజాన వేసుకుని పడుకునేది. మార్చిలో జ్వరమని ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు. ఇది అమ్మ ఏదీ అని అడిగితే, ఇంటికొచ్చిన చుట్టాలంతా అమ్మ డ్యూటీకి వెళ్లింది తల్లీ అని చెప్పారు. డ్యూటీకి వెళ్లిన మనిషి రాత్రికి ఇంటికి రావాలి కదా. అందుకే లేచి చూస్తోంది. దాని తప్పేముంది.

జూన్ 9

సలహాలకేం, కొల్లలు. పిల్లల డాక్టరు పగటినిద్ర తగ్గించమన్నాడు, లేచినా వెంటనే ఎత్తుకోవద్దన్నాడు. ఎత్తుకోకుండా కర్టెన్ వెనక నిలబడ్డాను. వెక్కిళ్లు పెడుతూ అది నా పాదాలు చూసేసింది. దీని అమ్మమ్మ, మా అత్తయ్యగారు, ఫోన్‌లో గోరువెచ్చటి నీళ్లు పొయ్యి బాబూ, ఒళ్లు తేలికపడుతుంది అన్నారు. పోశాను. శుభ్రంగా స్నానం చేసి మరీ లేచింది. పగలంతా దీన్ని చూసుకునేది ఎదురు ఫ్లాట్ టీచరమ్మగారే. నీ గొంతు విననియ్యి నాయనా, ఏదన్నా కథ చెప్పు అన్నారు. నాకు ఏ కథలూ రావు. లిఫ్ట్ ఎలా పనిచేస్తుందో చెప్పాను. మూడో అంతస్తు దాటకముందే నాకే నిద్రొచ్చింది.

మా సూపర్‌వైజర్ బండి మీద తిప్పమన్నాడు. తిప్పాను. సందు మలుపు తిరిగేలోపే నా పొట్టకు ఆనుకుని నిద్రపోయింది. ఇంటిముందు బండి ఆపగానే కళ్లు తెరిచింది. మళ్లీ తిప్పాను. చివరికి పెట్రోల్ అయిపోయి, దీన్ని ఒక చేత్తో, బండిని ఒక చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాను. కుక్కలన్నీ మమ్మల్ని సాగనంపాయి.

జూన్ 12

ఇవాళ నిద్రమత్తులో మెయిన్ స్విచ్ ఆపకుండానే రిపేరుకని లిఫ్ట్ పెట్టె మీదికి ఎక్కబోయాను. సూపర్‌వైజర్ కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నీకేమన్నా అయితే ఆ పిల్లకి దిక్కెవర్రా అన్నాడు. తిట్టినా బాగుండేది.

రాత్రి అత్తయ్యగారు ఫోన్ చేశారు. పది పన్నెండు రోజుల్లో వస్తున్నాను, పిల్లని కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుంటా, నువ్వు కాస్త కోలుకుందువుగాని అన్నారు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో ఆవిడ చెప్పలేదు.  ఇది రాత్రిళ్లు పడుకుంటే తప్ప కాదనడానికి నాకు నోరు లేదు. ఇది కూడా వెళ్లిపోతే ఇంటికి రావాల్సిన పనేముంటుందని ఒక్కటే ఆలోచన.

జూన్ 15

పడుకోకుండా ఇది రాస్తున్నాను.

రాత్రి ఒక అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఇరుక్కుని లోపల ఇద్దరు ఉండిపోయారు. బుడంకాయ పక్కన టీచరమ్మగారిని పడుకోబెట్టి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది. మా తలుపుది లాగితే దానంతటదే పడిపోయే తాళం, పైగా మొండిది. తలుపును గట్టిగా ముందుకు లాగి రెండుసార్లు తిప్పితేగాని రాదు. తిప్పిన ప్రతిసారీ టకామని చప్పుడు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేస్తావు, ఇంటి తాళానికి చుక్క నూనె వెయ్యవా అని మా ఆవిడ దెప్పేది. రేపు వేస్తాననేవాడిని.

తాళం తీశాను. చెప్పులు విడిచాను. కుళాయి తిప్పి స్టీలు గ్లాసుతో నీళ్లు తాగి, గ్లాసు గట్టు మీద బోర్లించాను. గదిలోకి వెళ్తే టీచరమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడే లేచిందట. తలుపు వైపు చూస్తోందట. తాళం చప్పుడు వినగానే అమ్మ అందట. అని పడుకుందట. కుళాయి ఆగేసరికి నిద్రపోయిందట. నువ్వు వచ్చేదాకా కూడా ఆగలేదయ్యా అన్నారావిడ.

ఆవిడ వెళ్లాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మార్చిలో ఇంత ఏడవలేదు.

అంటే దానికి ఎత్తుకోవడం కూడా అక్కర్లేదు. అమ్మ ఇంట్లోకి వచ్చిందని తెలిస్తే చాలు.

జూన్ 16

కావాలనే చేశాను. మోగకుండా వణికేలా అలారం పెట్టి ఫోన్ దిండు కింద ఉంచుకున్నాను. అది లేవకముందే చప్పుడు కాకుండా బయటికి వెళ్లి తలుపు దగ్గరికి లాక్కున్నాను. కాసేపు ఆగాను. తాళం, చెప్పులు, కుళాయి, గ్లాసు.

అమ్మ అంది. పడుకుంది.

జూన్ 17

మళ్లీ పడుకుంది. నేను కూడా.

జూన్ 20

పై అంతస్తు ట్యాక్సీ డ్రైవర్‌కి రోజూ దొరికిపోతున్నాను. మొన్న చూసి తాళం పడిపోయిందా అన్నా అన్నాడు. అవునన్నాను. నిన్నా చూశాడు. ఇవాళ ఆగి, భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో ఏమన్నా గొడవా అన్నా అని మెల్లగా అడిగాడు. ఈ బిల్డింగ్‌కి కొత్తగా వచ్చాడు, తెలియదు. గొడవేనన్నాను. గొడవపడటానికైనా ఇంట్లో మనిషి ఉండాలని అతనికేం చెప్తాను.

ఒక సంగతి. తాళంచెవి పట్టుకుని బయట నిలబడినప్పుడు, తను ఇక్కడ నిలబడి ఏమనుకునేదో అనిపిస్తుంది. కాళ్లు లాగుతూ ఉంటాయి. లోపల పిల్ల ఉంటుంది. నేను గురక పెడుతూ ఉంటాను. ఈ తలుపును ఇటువైపు నుంచి నేనెప్పుడూ ఇంతసేపు చూడలేదు.

జూన్ 24, రాత్రి

అత్తయ్యగారు వచ్చారు. పిల్ల బట్టలకని ఖాళీ సంచి ఒకటి తెచ్చుకున్నారు. మడతపెట్టి కుర్చీ మీద పెట్టారు. సాయంత్రమంతా నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

తాళం సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. హాల్లో పక్క వేసి, ఆవిడ నిద్రపోయాక బయటికి వెళ్లాను. మానేద్దామా అనుకున్నాను. మానేస్తే పిల్ల లేస్తుంది, లేస్తే పొద్దున ఆ సంచి నిండుతుంది. తాళం తిప్పాను. ఒకసారి. రెండోసారి.

చీకట్లోంచి అత్తయ్యగారి గొంతు, వచ్చావా తల్లీ, ఏమన్నా తిన్నావా అని. నిద్రలోనే.

నా చెయ్యి తాళంచెవి మీదే ఉండిపోయింది. నోరు తెరిస్తే అది నా గొంతవుతుంది. అందుకని పలకలేదు. చెప్పులు విడిచి, వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. ఆవిడ పక్కకి ఒత్తిగిలి మళ్లీ నిద్రపోయారు. గదిలో బుడంకాయ కూడా.

జూన్ 25

రాత్రి మా అమ్మాయి వచ్చినట్టు కలొచ్చింది బాబూ అన్నారు పొద్దున్నే, మొహం కడుక్కోకుండానే. చెప్పులు విడిచింది, మంచినీళ్లు తాగింది, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది అన్నారు. దాచుకోలేకపోయాను. చెప్పేశాను.

ముందు నమ్మలేదు. నమ్మాక మండిపడ్డారు. పోయిన మనిషిని రోజూ ఇంటికి రప్పిస్తావా, పిల్లని ఎన్నాళ్లు మోసం చేస్తావు, నీకేమన్నా మతి పోయిందా అన్నారు. ఆవిడన్న ప్రతి మాటా నిజమే. తలొంచుకుని విన్నాను. 

రాత్రి దుప్పటి దులుపుతూ, నా వైపు చూడకుండా, ఇవాళ కూడా చేస్తావా అని అడిగారు. చేస్తానన్నాను. సరే, అన్నారు.

తలుపు తీసి లోపలికి వచ్చినప్పుడు ఆవిడ నిద్రపోలేదు. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు. చెంపలు తడిగా ఉన్నాయి.

జూన్ 27

ఆవిడ వెళ్లిపోయారు. సంచి ఖాళీగానే తీసుకెళ్లారు. ఆటో ఎక్కేముందు, ఇది నీ దగ్గరే ఉండనీ బాబూ, మా ఇంట్లో ఆ తాళం లేదు కదా అన్నారు.

జూలై 2

డాక్టరుకి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇందులో రోగం లేదయ్యా, నువ్వు చేసింది తప్పు కూడా కాదు అన్నాడు. కానీ ఎల్లకాలం చెయ్యలేవు. ఒక్కసారిగా ఆపకు, ఒక్కో చప్పుడూ తగ్గించుకుంటూ రా, అమ్మ రాదని కూడా పగటిపూట మెల్లమెల్లగా చెప్పు అన్నాడు.

ఇవాళ చెప్పాను. అమ్మ ఇక రాదమ్మా అన్నాను. అది నా ముక్కు పట్టుకుని లాగింది.

జూలై 5

కుళాయి మానేశాను. లేవలేదు.

జూలై 9

గ్లాసు మానేశాను.

జూలై 13

చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాను. సొంత ఇంట్లోకి దొంగలాగా. ఇక తాళం ఒక్కటే మిగిలింది.

జూలై 18, రాత్రి

తాళం తిప్పాను. గదిలోంచి దాని గొంతు వినిపించింది.

నాన్న, అంది.

అమ్మ అనలేదు. నాన్న అంది. అని పడుకుంది, ఏ గొడవా లేకుండా, రోజూ లాగే.

సంతోషించాలి నేను. ఇదే కదా కావాల్సింది. పిల్లకి అర్థమైంది. తలుపు తీసేది ఎవరో తెలుసుకుంది. డాక్టరు వింటే వీపు తడతాడు. నేను మాత్రం తలుపు దగ్గరే చతికిలబడిపోయాను. ఈ ఇంట్లోకి తను రావడానికి ఆ చప్పుడు ఒక్కటే దారి. ఆ దారిలో నేనే అడ్డం నిలబడ్డాను. రోజూ తాళం తిప్పి తిప్పి, తన చప్పుడును నా చప్పుడు చేసేసుకున్నాను. దానికి వాళ్లమ్మ చీర రంగు గుర్తుండదు, మొహం గుర్తుండదు, ఈ వయసులో ఎవరికి ఉంటుంది. ఆ టకాటకా ఒక్కటైనా ఉంటుందనుకున్నాను. అది కూడా నేనే తీసేసుకున్నాను.

నూనె డబ్బా నా బ్యాగ్‌లోనే ఉంటుంది ఎప్పుడూ. తాళానికి వెయ్యలేదు. వెయ్యను.

జూలై 26

తెల్లారేదాకా పడుకుంది. అలారం నేను పెట్టలేదు. అయినా ఆ వేళకి మెలకువ వచ్చింది. అది లేవలేదు, తలుపు వైపు తిరగను కూడా తిరగలేదు. కాళ్లు నా మీద పడేసి నిద్రపోతూనే ఉంది.

నేను లేచి బయటికి వెళ్లాను. తాళం తిప్పాను. చెప్పులు, కుళాయి, గ్లాసు, అన్నీ చేశాను. ఎవరూ లేవలేదు.

పొద్దున టీచరమ్మగారు మొత్తానికి గట్టెక్కావు నాయనా అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. అవునండీ అన్నాను.

జూలై 30

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బట్టలైనా మార్చకుండా నేల మీద పడిపోయాను. కళ్లు మూతలు పడుతున్నాయి. బుడంకాయ తాళంచెవి తీసుకుని తలుపు దగ్గరికి నడిచింది. తాళం దానికి అందదు. కింద చెక్క మీదే గీకింది, రెండుసార్లు. నా చెప్పుల్లో కాళ్లు పెట్టి తీసింది. వంటింట్లోంచి ఖాళీ గ్లాసు తెచ్చి గుటకలు వేసి, నేల మీద బోర్లించింది. నేను మానేసినవి కూడా, వరసగా.

తర్వాత వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

వచ్చావా తల్లీ, అన్నాను.

ఆఁ, అంది.