సూది జరిగిన మేర

మార్చి 12, మంగళవారం, మధ్యాహ్నం

అక్కకి,

నీకూ బావకీ నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. ఇక్కడ అంతా క్షేమం అని రాయాలి. రాయలేను. నోటితో చెబితే అరుస్తాను, అరిస్తే బావ నవ్వుతాడు. అందుకే కాగితం మీద పెట్టి, గనిలో దీపాలిచ్చే ల్యాంప్ రూమ్ పిన్ని చేత పంపుతున్నా. చేతిలో పని పక్కన పడేసి ముందు ఇది చదువు.

రేపు పొద్దుటి షిఫ్టుకి బావని గనిలోకి దిగనివ్వకు.

మొన్న అన్నం తింటూ బావ చెప్పాడు కదా, కొత్త సొరంగం చివర రాయికి చెమటలు పడుతున్నాయి, దానికీ మేనేజరంటే భయమేమో అని. మనం నవ్వాం. నవ్వాల్సింది కాదు. ఆ రాయి వెనక డెబ్బై ఏళ్ల కిందటి పాత సొరంగం ఉంది. దాన్నిండా నీళ్లు. పటం ప్రకారం మధ్యలో నలభై మీటర్ల రాయి ఉండాలి.

లేదు. ఎందుకో చెబుతా, విసుక్కోకు. భూమి నట్టనడుమ ఇనుప గుండు ఉంది. అంత వేడిలోనూ కరగదు, పైనున్న బరువు దాన్ని అలా నొక్కి పట్టింది. దాని చుట్టూ కరిగిన ఇనుము సముద్రంలా సుళ్లు తిరుగుతుంటుంది. దిక్సూచి సూదిని లాగేది ఆ సుళ్లే. అవి కుదురుగా ఉండవు. అందుకే సూది చూపే ఉత్తరం ఏళ్ల తరబడి జరుగుతూ పోతుంది. పాత సొరంగాన్ని ఆనాటి సూదితో కొలిచారు. కొత్తదాన్ని ఈనాటి సూదితో తవ్వుతున్నారు. తేడా ఏడు డిగ్రీలు. మూడు వందల మీటర్ల దూరం పోయేసరికి ఆ ఏడూ ఎంతవుతాయో నాలుగుసార్లు లెక్కేశా, ముప్పై ఏడు మీటర్లు పక్కకి. మిగిలిన రాయి మూడు మీటర్లు. రేపటి పేలుడే రెండు మీటర్లు తింటుంది, మిగిలే ఒక్క మీటరు ఆ నీళ్లని ఆపలేదు.

పొద్దున మా సర్వే ఆఫీసు అయ్యగారికి చెప్పా. ఎన్నో క్లాసు చదివావురా అన్నాడు. ఎనిమిది అన్నా. భూమి మధ్యకి ఎప్పుడెళ్లొచ్చావు అన్నాడు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. ముందు మీరెళ్లి ఆ రాయికి చెవి ఆనించి రండి అన్నా. బయటికి గెంటించాడు. టై కట్టుకున్న దద్దమ్మ!

పన్నెండు మంది దిగుతారు. అందరికంటే ముందుండేది బావే, డ్రిల్లు ఆయన చేతిలో ఉంటుంది. తిట్టినా సరే, బూట్లు దాచెయ్. నా మీద ఒట్టు.

నీ తమ్ముడు

తా.క. ఆయన్ని దద్దమ్మ అన్నా కదా. పాత పటానికి నకలు గీసింది నేనే అక్కా. అసలు పటం మూలన, కొలిచిన ఏడాది చిన్న అక్షరాల్లో ఉంది. చెరిగిపోయి వికారంగా కనిపిస్తోందని నకల్లో వదిలేశా. అదుంటే అయ్యగారే తేడా సరిచేసేవాడు. భూమి గురించి పైన చెప్పిందంతా ఉన్న పుస్తకం నా చేతికొచ్చింది మొన్న, నకలు ఇచ్చి ఏడాదైంది. పొద్దున అంత అరిచినవాణ్ని, ఈ ఒక్క మాట మాత్రం మింగేశా. భయమేసింది. ఇప్పుడు బీరువాలోంచి అసలు పటం తీయించి, అందరి ముందూ చెప్పడానికి వెళ్తున్నా. అప్పటికీ నమ్మకపోతే రేపు లిఫ్టు గుమ్మంలో అడ్డంగా పడుకుంటా. బావ దిగాలంటే నన్ను తొక్కుకునే దిగాలి.