బొమ్మకు చెప్పిన మాట

పరీక్షాధికారి మేడమ్ గారికి,

కడుపు మండి రాస్తున్నాను. నర్సింగ్ ప్రాక్టికల్లో నన్ను వరసగా రెండేళ్లు ఫెయిల్ చేసింది మీరే. సూది గుచ్చేముందు, రోగికి బదులు పడుకోబెట్టిన రబ్బరు బొమ్మతో "కాస్త చురుక్కుమంటుంది తాతా, ఓర్చుకో" అన్నానని పదిమందిలో నవ్వారు. "బొమ్మతో కబుర్లేంటి? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదు. ఆయా ఆయానే" అన్నారు.

నేను ఆయాగా పుట్టలేదు మేడమ్. ఆసుపత్రి వార్డులో పదకొండేళ్లు ఆయాగా బెడ్‌పాన్లు కడిగాను. మాటా పలుకూ లేకుండా పొడిచి వెళ్లిపోయే నర్సుల వెనకాల, బెదిరిపోయిన ముసలివాళ్ల చేతులు పట్టుకుని కూర్చున్నాను. ఆ బుద్ధి అక్కడ వచ్చింది.

మూడోసారీ బొమ్మతో మాట్లాడాను. మీ చోట కొత్తగా వచ్చినాయన పాస్ చేశారు. నిన్న రిజిస్ట్రేషన్ కార్డు చేతికొచ్చింది.

మీకెప్పుడైనా ఇంజెక్షన్ వేయించుకోవాల్సివస్తే మా వార్డుకే రండి. మీకూ ముందు చెప్పే గుచ్చుతాను.

ఇట్లు,
మీరన్న ఆ ఆయానే,
రిజిస్టర్డ్ నర్సు