తాడు వదులు

ఫిబ్రవరి 8, శనివారం. కుప్పం, పొద్దున

మంచు. కొండలు తలలు మాత్రం బయటపెట్టి నిద్రపోతున్నాయి. గ్లైడర్‌కి ఇంజన్ ఉండదు కాబట్టి నా చిన్న విమానం దాన్ని తాడుతో పైకి లాక్కెళ్తుంది. పైన ఇద్దరిలో ఎవరైనా లివర్ లాగి కొక్కెం విప్పొచ్చు. పైలట్ కాదు, ఆకాశంలో ట్రాక్టర్ డ్రైవర్ అని అమ్మ నన్ను ఏడిపిస్తుంది. ఈరోజు వెనక గ్లైడర్‌లో తమ్ముడు జోనాథన్, ఒక్కడే.

అదే రోజు, సాయంత్రం

జోనాథన్ నాకంటే బాగా ఎత్తుకు లేచిపోయాడు. తాడు నా తోకను పైకెత్తేసింది. నా ముక్కు నేలవైపు తిరిగింది. వదులు, వదులు అని రేడియోలో అరిచాను. నా లివర్ లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. ఆఖరికి తాడే తెగింది, ముక్కు పైకి లేపగలిగాను.

వింత ఏమిటంటే, అప్పుడు భయం వేయలేదు. టమేటా తోటలో ఒకామె తలెత్తి చూస్తోంది, చీర పసుపు రంగుది, బాగుంది అని తీరిగ్గా అనుకున్నాను.

దిగాక జోనాథన్ ఏడ్చేశాడు. తాడు వదులుగా ఉండాది అంటాండావనుకున్నా అక్కా, బిగిద్దామని ఇంకా పైకి లేపినా అన్నాడు. రేడియోలో రిలీజ్ అనే అనాలని రూల్. ప్రాణం మీదికొస్తే నోటికి ఇంటి మాటే వచ్చింది.

ఫిబ్రవరి 9, ఆదివారం. మదనపల్లె

చర్చిలో కళ్ళు మూసుకుంటే పసుపు చీర. అమ్మకు చెప్పలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం. పుంగనూరు

మా ఇద్దరికీ ఎగరడం నేర్పిన మునికృష్ణ సారే మా గ్లైడింగ్ క్లబ్ పెద్ద. ఆయనా నేనూ నా విమానం కొక్కేన్ని విప్పి తెచ్చి, ఇక్కడి వర్క్‌షాప్‌లో బెంచికి బిగించాం. తాడును నేరుగా వెనక్కి లాగి, లివర్ తిప్పితే టక్కున విడిచింది. ఎప్పుడూ ఇంతే టెస్ట్ చేసి, ఓకే అనుకునేవాళ్ళం. ఈసారి పైకి లాగి చూద్దామన్నాను. బరువులెత్తే చెయిన్ బ్లాక్‌తో పైకి లాగాం. లివర్ కదల్లేదు.

సార్ చెయిన్ దించేశారు. ఇన్నేండ్లలో ఒక్కసారే కదమ్మా, ఆ మాత్రం రిస్కు యాడైనా ఉంటాది అన్నారు. కొత్త రకం కొక్కెం వచ్చేదాకా దీంతోనే లాగించేద్దామట.

ఫిబ్రవరి 12

ఆ మాత్రం అంటే ఎవరికి?

ఫిబ్రవరి 15, శనివారం. కుప్పం

వస్తూ పలమనేరు దాటాక బస్సులో కునుకు పట్టింది. కలలో బస్సుకు తాడు కట్టి ఎవరో మబ్బుల్లోకి లాగుతున్నారు. అందరూ నిద్రపోతున్నారు, డ్రైవర్ కూడా.

మళ్ళీ బిగించిన ఆ కొక్కెంతో నేను లాగనని చెప్పేశాను. సార్‌కు కోపం వచ్చింది. అయితే నేనే లాగతా, నువ్వు ఎనక కూసో అన్నారు. రోషంతో గ్లైడర్ ఎక్కేశాను. నడిపే స్టిక్ పట్టుకున్నాక తెలిసింది, ముందున్న మనిషి ప్రాణం నా మణికట్టులో ఉందని. నాకు గట్టిగా తుమ్మొస్తే చాలు. పాపం, జోనాథన్ ఆరోజు మోసింది ఇదన్నమాట.

తాడు బిగిసింది. ఆయన ఇంజన్ హోరెత్తింది. లివర్ లాగి దిగిపోదామనుకున్నాను, చెయ్యి రాలేదు. అంతలో హోరు తగ్గింది. ప్రొపెల్లర్ ఆగింది. సార్ దిగి, నా దగ్గరకు నడిచొచ్చారు. నీ మీద నమ్మకం లేక కాదమ్మా, ఆడ కూసుంటే ఈపు సల్లబడింది అన్నారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొత్త కొక్కెం వచ్చేదాకా ఎగరం. మధ్యాహ్నం రన్‌వే మీద ఆవులు మేస్తుంటే, సార్, జోనాథన్, నేను ముగ్గురం రెక్క నీడలో పడుకున్నాం. తాడు లేకుండానే నేల కాస్త పైకి లేచినట్టు అనిపించింది. ఎవరమూ కదల్లేదు.